స్కోర్ 9 వచ్చింది, మా బాబుకి ఆటిజమేనా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఖమ్మం. మా బాబుకి 2 సంవత్సరాల 4 నెలలు. అమ్మ, తాత, బై, ఇంకో నాలుగైదు మాటలు తప్ప రావట్లేదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తాడు, ఒక్కోసారి అసలు పట్టించుకోడు, గిన్నెల మూతలు తిప్పుకుంటూ కూర్చుంటాడు. మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతికితే పిల్లల ఆటిజం టెస్ట్ అని 20 ప్రశ్నలు వచ్చాయి, నింపితే 9 వచ్చింది, ఎర్ర అక్షరాల్లో హై రిస్క్ అని చూపించి పూర్తి రిపోర్ట్‌కి 1,999 కట్టమంటోంది. మా అత్తమ్మేమో మగపిల్లలకి మాటలు లేటే, మీ ఆయనకి నాలుగేళ్ళకి వచ్చాయి అంటుంది. మా ఆయన నువ్వు ఆ ఫోన్ పక్కన పెడితే వాడూ బాగుంటాడు నువ్వూ బాగుంటావు అంటాడు, ఆయన మాత్రం రీల్స్ చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) టెస్ట్ రాసుకొని నాకు ఉంది అని అందరికీ చెప్తున్నాడు. అదే సైట్‌లో నేను డిప్రెషన్ టెస్ట్ కూడా రాశా, 16 వచ్చింది. డబ్బులు కట్టి రిపోర్ట్ తీసుకోమంటారా? నాకు కూడా ఏమన్నా ఉందా?

జవాబు: చెల్లెమ్మా, బాబు గురించి అంత రాసి మీ గురించి చివర్లో ఒక్క ముక్క అడిగారు. నేను ముందు మీ దగ్గరికే వస్తా. పిల్లల సెంటర్‌లో 14 ఏళ్ళుగా పని చేస్తున్నా, పిల్లోణ్ణి చంకనేసుకొని వచ్చిన తల్లిని పక్కకి కూర్చోబెట్టి నువ్వెలా ఉన్నావమ్మా అని అడిగితే చాలామంది అక్కడే ఏడ్చేస్తారు, అప్పటిదాకా ఆ మాట అడిగిన మనిషి ఇంట్లో ఒక్కరు కూడా ఉండరు.

మీరు రాసింది పీహెచ్‌క్యూ-9 అయ్యుంటుంది, ఆన్‌లైన్‌లో డిప్రెషన్ టెస్ట్ పేరుతో ఎక్కువగా తిరిగేది అదే. 9 ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉన్నారు అని అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 2001లో ఒక వైద్య పత్రికలో వచ్చింది, పైసా కట్టక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, డాక్టర్లు కూడా ఇదే కాగితం వాడతారు. 10 వచ్చినా దాటినా పట్టించుకోవాలి, 15 నుంచి 19 మధ్య అంటే కాస్త తీవ్రమైన లెక్కలోకే వస్తుంది. మీ 16 ఆ గదిలో పడింది. అయితే అందులో ఏం కలిసి 16 అయిందో చూడాలి కదా. నిద్ర, నీరసం, ఆకలి, ధ్యాస నిలవకపోవడం, ఈ నాలుగింటికే 3 చొప్పున పెట్టుకుంటే 12 అయిపోతుంది, రెండేళ్ళ పిల్లోడు రాత్రి మూడుసార్లు లేచే ఇంట్లో, పైగా రక్తం తక్కువగానో థైరాయిడో ఉన్న మనిషికి అవన్నీ వస్తాయి. అందుకే స్కోర్ చూడగానే డాక్టర్లు ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష రాస్తారు. అది మీకూ చెప్తున్నా, ఈ వారంలోనే ఆ రెండూ చేయించండి.

ఇంకో లెక్క చెప్తా, ఇది తెలిస్తే ఏ ఆన్‌లైన్ టెస్ట్ చూసినా భయం తగ్గుతుంది. ఈ 9 ప్రశ్నల టెస్ట్ 10 దగ్గర గీత గీస్తే డిప్రెషన్ నిజంగా ఉన్నవాళ్ళలో 88 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 88 శాతం మందిని లేదు అని వదిలేస్తుంది అని ఆ 2001 పరిశోధన పేపర్‌లోనే ఉంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా. ఇప్పుడు 100 మందిని కూర్చోబెట్టి రాయించాం అనుకోండి, అందులో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్ళు 10 మంది అనుకుందాం. ఆ 10 మందిలో 9 మంది దొరుకుతారు. మిగతా 90 మందిలో 12 శాతం అంటే ఓ 11 మంది కూడా అందులోనే పడతారు. అంటే ఎర్ర అక్షరాలు చూసినవాళ్ళు 20 మంది, వాళ్ళలో నిజంగా ఉన్నది 9 మందికి. టెస్ట్ చెడ్డదై కాదు, దాని పనే అది, ఎవర్నీ వదిలేయకుండా ముందు పక్కకి తీసి పెట్టడం. మీది 10 కాదు, 16, అంటే నిజమయ్యే అవకాశం ఇంకా ఎక్కువ. కాబట్టి డిప్రెషన్ ఉందని నేను ఇక్కణ్ణుంచి చెప్పను, ఒక డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే అని మాత్రం గట్టిగా చెప్తా.

ఒక్క విషయం మాత్రం మొత్తం స్కోర్‌తో సంబంధం లేనిది. తొమ్మిదో ప్రశ్న గుర్తుందా, చచ్చిపోతే బాగుండు అనిగానీ, నన్ను నేను ఏమన్నా చేసుకోవాలనిగానీ అనిపించిందా అన్నది. దానికి మీరు ఏం పెట్టారో రాయలేదు. 0 కాకుండా ఇంకేం పెట్టినా, 1 అయినా సరే, బాబు అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. పెరట్లోకి వెళ్ళి మాట్లాడండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన నిలవనీయకుండా వెంటాడుతుంటే మాత్రం ఇంట్లో ఒక్కరికన్నా చెప్పి ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.

సరే, ఇక బాబు దగ్గరికి.

మీరు చెప్పిన 20 ప్రశ్నలు ఎం-చాట్ అనే టెస్టువి అనుకుంటున్నా, అవును కాదు అని పెట్టేవి. 16 నెలల నుంచి 30 నెలల పిల్లల కోసం చేసింది అది. మీ బాబుకి 28 నెలలు కాబట్టి వయసు సరిపోయింది, అది మంచిది, ఎందుకంటే నాలుగేళ్ళ పిల్లలకి కూడా ఇదే నింపి కంగారుపడి వచ్చేవాళ్ళున్నారు. 0 నుంచి 2 వస్తే తక్కువ రిస్క్, 3 నుంచి 7 మధ్య రకం, 8 నుంచి పైన ఎక్కువ రిస్క్. ఈ మధ్య రకంలో పడినవాళ్ళకి రెండో మెట్టు ఉంటుంది, తప్పిన ప్రశ్నలన్నీ తీసుకొని తెలిసిన మనిషి తల్లితో మళ్ళీ కూర్చొని విడమర్చి అడగాలి. 8 వచ్చినా దాటినా ఆ రెండో మెట్టు కోసం ఆగకుండా నేరుగా పూర్తి పరీక్షకి పంపొచ్చు అని ఆ టెస్ట్ చేసినవాళ్ళే చెప్పారు.

స్క్రీనింగ్ అంటే మన భాషలో జల్లెడ పట్టడమే అమ్మా. రవ్వ జల్లించేటప్పుడు చూడండి, కన్నాలు పెద్దవైతే నలకలు కూడా కిందికి దిగిపోతాయి, చిన్నవైతే నలకలతో పాటు మంచి రవ్వ కూడా పైన నిలబడిపోతుంది, పైన నిలబడిందంతా పారబోస్తామా, పళ్ళెంలో పోసుకొని వెలుతురులో కూర్చొని చేత్తో ఏరుకుంటాం. ఆ సైట్ మీకు జల్లెడ పట్టింది. చేత్తో ఏరే పని ఇంకా ఎవరూ చెయ్యలేదు. మీకు ఎర్ర అక్షరాల్లో చూపించింది జల్లెడ మీద మిగిలిన రవ్వని.

ఇది ఊరికే ఓదార్పు మాట కాదు, దీని మీద లెక్కలున్నాయి. 2014లో అమెరికాలో 16,071 మంది చిన్నపిల్లల మీద చేసిన స్టడీ ఉంది, ఆ టెస్ట్ తయారుచేసినవాళ్ళే చేసింది. రెండు మెట్లూ అయ్యాక కూడా పాజిటివ్‌గా మిగిలిన పిల్లల్లో ఆటిజం తేలే అవకాశం 47.5 శాతం. అంటే దాదాపు సగం మందికి ఆటిజం కాదు. కానీ అదే పిల్లల్లో మాట ఆలస్యమో, ఎదుగుదల ఆలస్యమో, ఇంకోటో, పట్టించుకోవాల్సింది ఏదో ఒకటి ఉండే అవకాశం 94.6 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకొని చూడండి. మొదటిది మీ కోసం, ఆటిజమే అని రాత్రిళ్ళు ఏడవక్కర్లేదు. రెండోది మీ అత్తమ్మగారి కోసం, ఊరుకుంటే వచ్చేస్తాయిలే అని కూర్చోడానికీ లేదు.

ఇప్పుడు మీ 9 నిజంగా 9 అవునో కాదో చూద్దాం, నాకు దాని మీదే అనుమానం. ఈ 20 ప్రశ్నల్లో 17 ప్రశ్నలకి కాదు అని పెడితే పాయింట్ పడుతుంది, 2, 5, 12 ఈ మూడింటికి మాత్రం తిరగేసి, అవును అని పెడితే పడుతుంది. సైట్ వాళ్ళు ఆ తిరగేసే లెక్క సరిగ్గా పెట్టారో లేదో మనకి తెలీదు. పైగా తెలుగు. ఈమధ్య ఒకావిడ ఫోన్‌లో చూపించింది, రెండో ప్రశ్న "మీ బిడ్డ చెవిటివాడు కావచ్చని ఎప్పుడైనా ఆశ్చర్యపోయారా" అని ఉంది. ఆ అమ్మాయి ఆలోచించి ఆలోచించి, ఆశ్చర్యం ఎందుకు, నాకు ముందే డౌటు కదా అని, కాదు అని పెట్టింది! అసలు అడుగుతున్నది పిల్లోడికి వినపడట్లేదేమో అని మీకు ఎప్పుడన్నా అనుమానం వచ్చిందా అని. ఇంకోటి "నటిస్తాడా లేదా నమ్మించే ఆట ఆడతాడా" అని ఉంది, అది చదివి ఏ తల్లి ఏం చెప్పగలదు చెప్పండి. దాని అర్థం ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు చేస్తాడా, బొమ్మకి అన్నం పెడతాడా, రిమోట్ చెవి దగ్గర పెట్టుకొని హలో అంటాడా అని. మీరు తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకసారి ఆ ప్రశ్నలన్నీ మళ్ళీ ఇలా ఇంట్లో భాషలోకి మార్చుకొని చూస్కోండి. ఒకట్రెండుసార్లు చేశాడు కానీ మామూలుగా చెయ్యడు అంటే కాదు అనే పెట్టాలి, అది కూడా ఆ కాగితం మీదే రాసి ఉంటుంది, సైట్లలో చాలాసార్లు ఆ ముక్క ఎగిరిపోతుంది.

అన్నిట్లో నేను ఎక్కువ చూసేది వేలు. మీ బాబు బిస్కెట్ డబ్బా వైపు వేలు చూపిస్తాడా? చూపిస్తే మంచిదే, కానీ అది కావాలని అడగడం. రెండోది వేరే. బయట బర్రె వెళ్తుంటే, పైన విమానం వెళ్తుంటే వేలెత్తి చూపించి, వెంటనే మీ మొహం వైపు తిరిగి, చూశావా అమ్మా అన్నట్టు చూస్తాడా? వాడికి ఆ బర్రె కావాలని కాదు, మీరూ చూడాలని. ఆ చూపు, బర్రె నుంచి మీ మొహానికి మీ మొహం నుంచి బర్రెకి వెళ్ళే చూపు, అది ఎన్ని మాటలొచ్చాయి అన్నదానికన్నా పెద్ద గుర్తు. నాలుగు మాటలే ఉండి ఈ చూపు బాగా ఉన్న పిల్లల్ని చూశా, ఏబీసీడీలు, వంద దాకా అంకెలు గడగడా చెప్పి ఈ చూపు లేని పిల్లల్నీ చూశా. రెండో రకం పిల్లల తల్లిదండ్రులు పాపం ఆలస్యంగా వస్తారు, మావాడు చాలా తెలివైనవాడు అనుకుంటూ ఉండిపోతారు.

మూతలు తిప్పడం ఒక్కటే అయితే నేను కంగారుపడను, ఆ వయసు పిల్లలు తిప్పుతారు. మూత తిప్పుతున్నప్పుడు మీరెళ్ళి పక్కన ఇంకో మూత తిప్పితే వాడేం చేస్తాడో చూడండి. మీ మూత వైపు చూసి, మీ వైపు చూసి నవ్వి మళ్ళీ తిప్పమంటాడా, లేక మీరు అక్కడ లేనట్టే ఉంటాడా, ఇంకా పక్కకి జరిగిపోతాడా. అది రాసుకోండి.

అన్నిటికన్నా ముందు మాత్రం వినికిడి పరీక్ష. ఒక్కోసారి పలుకుతాడు ఒక్కోసారి పలకడు అన్నారు కదా, ఆ మాట వినగానే నాకు ముందు చెవులే గుర్తొస్తాయి. కొన్నేళ్ళ కింద ఒక పాప వచ్చింది, ఆన్‌లైన్‌లో మూడు సైట్లలో హై రిస్క్ వచ్చిందని తల్లిదండ్రులు ప్రింట్లు తీసుకొచ్చారు. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరింది ఆ పాపకి, మాటలు నీళ్ళలోంచి విన్నట్టు వినపడుతున్నాయి, టీవీ సౌండ్ పెంచితే చూస్తుంది, మెల్లగా పిలిస్తే చూడదు. ఈఎన్‌టీ డాక్టర్ ట్రీట్‌మెంట్ చేశాక నెలల్లో తేడా కనపడింది. అందరికీ అదే అవుతుందని కాదు, కానీ ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నట్టే అని ఇంట్లో తేల్చేస్తారు చూడండి, అది తప్పు. పెద్ద శబ్దం వినపడి చిన్న మాట వినపడకపోవచ్చు. ఓఏఈ, బెరా అని టెస్టులుంటాయి, బెరా పిల్లోడు నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. ఆటిజం అని తేలే పిల్లలకైనా ఈ పరీక్ష లేకుండా ముందుకెళ్ళకూడదు.

మీ అత్తమ్మగారి మాట కొట్టిపారెయ్యను. మగపిల్లలు కొంచెం ఆలస్యంగా మాట్లాడటం ఉంది, మీ ఆయన నాలుగేళ్ళకి మాట్లాడి ఉండొచ్చు, ఆవిడ కళ్ళతో చూసింది చెప్తున్నారు. కానీ 2 ఏళ్ళు నిండేసరికి "అమ్మ రా" "పాలు తాగు" ఇలా రెండు మాటలు సొంతంగా కలపకపోతే చూపించాలి అన్నది మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకటే. ఆవిడతో వాదన పెట్టుకోకండి, ఆసుపత్రికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. అక్కడ పుట్టగానే ఏడ్చాడా, ఎప్పుడు నిలబడ్డాడు, తండ్రికి మాటలు ఎప్పుడొచ్చాయి అని అడిగితే మీకన్నా ఆవిడే బాగా చెప్తారు, తన మాటకి విలువ దొరికితే ఆవిడే మీ పక్షాన నిలబడతారు, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశా.

ఫోన్ సంగతి. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి రోజుకి గంట మించి వద్దు, తక్కువైతే ఇంకా మంచిది, రెండేళ్ళ లోపు అసలే వద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాబట్టి అన్నం తినేటప్పుడు ఫోన్ ఇస్తుంటే మానెయ్యండి, మానేస్తే మొదటి నాలుగైదు రోజులు గోల చేస్తాడు, తట్టుకోండి. కానీ ఫోన్ వల్లే వాడికి ఆటిజం వచ్చింది, అమ్మ తప్పు అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. యూట్యూబ్‌లో వర్చువల్ ఆటిజం అని ఒక పేరు తిరుగుతోంది, ఆ పేరుతో డాక్టర్ల పుస్తకాల్లో జబ్బు లేదు. ఆ పేరు చేసే నష్టం ఏంటంటే, ఫోన్ ఆపి ఆర్నెల్లు చూద్దాం అని ఆగిపోతారు. ఫోన్ ఆపడం, పరీక్షకి వెళ్ళడం రెండూ ఒకే వారంలో చెయ్యొచ్చు, ఒకదాని కోసం ఇంకోటి ఆగక్కర్లేదు.

ఇక 1,999. వద్దు. మీరిచ్చిన అవే 20 జవాబులు తీసుకొని గ్రాఫులూ రంగులూ పెట్టి 12 పేజీలు చేసి ఇస్తారు, మీ దగ్గర లేని కొత్త సమాచారం అందులోకి ఎక్కడ్నుంచి వస్తుంది? పిల్లోణ్ణి ఎవరూ చూడలేదు, చెవి పరీక్ష చెయ్యలేదు. ఆ టెస్ట్ కాగితం అసలు ఉచితం. ఆ 1,999తో ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్ళి రావొచ్చు. ఇదే మాట ఇంకో దానికీ చెప్తా, వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లల మెదడు ఎలాంటిదో, పెద్దయ్యాక డాక్టరవుతాడో ఇంజినీరవుతాడో చెప్తాం అని స్కూళ్ళలో టేబుల్ వేసుకొని కూర్చుంటారు, డీఎంఐటీ అంటారు. దానికి సైన్స్ ఆధారం లేదు, దాని దగ్గర ఆగకండి.

ఇంకోటి కూడా ఉంది, మీరు ఆ సైట్‌లో బాబు పేరు, పుట్టిన తేదీ, మీ ఫోన్ నంబర్ ఇచ్చారా? అమెరికాలో బెటర్‌హెల్ప్ అని ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ ఉంది, జనం మొదట్లో నింపిన ప్రశ్నల ఫారం సమాచారాన్ని, ఈమెయిళ్ళని యాడ్‌ల కోసం ఫేస్‌బుక్ లాంటి వాళ్ళకి ఇచ్చింది అని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెడితే 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ సంగతే అది, అడ్రస్ కూడా లేని సైట్ సంగతి ఏం చెప్తాం. మన దేశంలో కూడా 2023లో డేటా చట్టం వచ్చింది, 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి అంటుంది, కానీ ముందు మనం జాగ్రత్తగా ఉంటే ఆ దాకా పోదు. ప్రశ్నలు చదువుకోండి, కాగితం మీద మీరే లెక్కేసుకోండి, పేరూ నంబరూ ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే డిలీట్ చెయ్యమని మెయిల్ పెట్టండి, థెరపీ ప్యాకేజీలు అని ఫోన్లొస్తే కట్ చేసెయ్యండి.

ఆన్‌లైన్ అంటేనే మోసం అని మాత్రం అనట్లేదు. 2020 మార్చి నుంచి మన దేశంలో డాక్టర్లు వీడియోలో చూడటానికి ప్రభుత్వ గైడ్‌లైన్స్ ఉన్నాయి. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉండి తెలుగు మాట్లాడే సైకాలజిస్ట్ కోసం వెతికే తల్లులకి కూడా ఆన్‌లైన్ నిజంగా వరం, పిల్లోడి భాషలో పిల్లోణ్ణి అడిగేవాళ్ళు దొరుకుతారు. తేడా ఎక్కడంటే అక్కడ అవతల ఒక మనిషి ఉంటారు, పిల్లోణ్ణి చూస్తారు, ఇంకోసారి పిలవమ్మా, ఇప్పుడు బొమ్మ దాచి చూడు అని అడుగుతారు. ఆ మనిషి ఎవరో కనుక్కోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆర్‌సీఐ అంటాం, అందులో రిజిస్టరై ఉండాలి, నంబర్ అడగండి, అడగడం తప్పు కాదు. నంబర్ అడిగితే చిరాకుపడే చోట డబ్బులు కట్టకండి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పథకం ఉంది, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకి ఎదుగుదల లోపాలు ఉచితంగా చూస్తారు, ఆ టీమ్ అంగన్‌వాడీలకి వస్తుంటుంది. వాళ్ళు పంపేది జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, పిల్లల డాక్టర్, చెవి పరీక్ష చేసేవాళ్ళు, సైకాలజిస్ట్ ఒకే చోట ఉండేలా పెట్టిన సెంటర్ అది. ఒక్కోచోట ఒక్కో పోస్టు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఏ రోజు ఎవరుంటారో ముందే కనుక్కొని వెళ్ళండి. అక్కడ కుదరకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, పాత పేరు ఎన్ఐఎంహెచ్, మానసిక ఎదుగుదల సమస్యలున్నవాళ్ళ కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. మన దేశంలో ఆటిజం ఎంత ఉందో కొలిచే ఐఎస్ఏఏ అనే స్కేలు తయారైంది ఆ సంస్థలోనే, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5, 70 లోపు ఉంటే ఆటిజం కాదు. అది తల్లి ఫోన్‌లో నింపే కాగితం కాదు, తెలిసినవాళ్ళు పిల్లోణ్ణి ఆడించి, చూసి, మీతో మాట్లాడి వేసే మార్కులు. నిజంగా అవసరమైతే రేపు వైకల్య సర్టిఫికెట్‌కి చూసేది అదే, మీరు డబ్బు కట్టి తెచ్చుకున్న పీడీఎఫ్‌ని ఏ ప్రభుత్వ కౌంటర్‌లోనూ తీసుకోరు.

వెళ్ళేముందు బాబువి నాలుగు వీడియోలు తియ్యండి, ఒక్కోటి రెండు నిమిషాలు చాలు. అన్నం తింటున్నప్పుడు, ఒక్కడే ఆడుకుంటున్నప్పుడు, వెనక నుంచి మీరు పేరు పెట్టి పిలిచినప్పుడు, పక్కింటి పిల్లలతో ఉన్నప్పుడు. కొత్త చోటికి వెళ్తే వాడు ఏడుస్తాడు, బల్ల కింద దూరతాడు, ఆ రోజు వాణ్ణి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, ఈ వీడియోలే పనికొస్తాయి. ఆ 20 ప్రశ్నలు కూడా తీసుకెళ్ళండి, కానీ అవును కాదు కాకుండా ఒక్కోదాని పక్కన మీరు కళ్ళారా చూసింది ఒక వాక్యం రాయండి. బాబు పుట్టినప్పటి డిశ్చార్జ్ ఫైల్, టీకాల కార్డు మర్చిపోకండి. సమస్య పేరు తేలడానికి రెండు మూడుసార్లు తిరగాల్సి రావొచ్చు, ఆ పేరు తేలేదాకా స్పీచ్ థెరపీ ఆపక్కర్లేదు, మాట ఆలస్యం ఉంది అన్నది చాలు మొదలుపెట్టడానికి, ఈ ముక్క అక్కడ గట్టిగా అడగండి.

మీ ఆయన ఏడీహెచ్‌డీ గురించి రెండు మాటలే. ఆయన రాసింది ఆరు ప్రశ్నలదైతే అది కూడా జల్లెడే. పెద్దవాళ్ళకి అది ఉంది అని చెప్పాలంటే 12 ఏళ్ళ లోపే ఆ లక్షణాలు ఉండాలి, ఇంట్లోనూ పనిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెట్టాలి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో మీ అత్తమ్మగారినీ అడుగుతారు. ఉండొచ్చు కూడా, ఆయన మాటని తేలిగ్గా తియ్యకండి, అందరికీ చెప్పుకుంటున్నాడంటే ఆయనకీ ఏదో కష్టంగా ఉందేమో. బాబుని తీసుకెళ్ళిన రోజే ఒక సైకియాట్రిస్ట్ దగ్గర మీకు ఒకటి, ఆయనకి ఒకటి ఓపీ చీటీ తీసుకోండి. మీరు ఇద్దరూ కలిసి వెళ్తే మీ 16 గురించి ఆయన కూడా అక్కడ వింటారు, ఇంట్లో చెప్తే వినని మాట డాక్టర్ చెప్తే చెవికెక్కుతుంది.

నాకు మళ్ళీ రాయండి. బెరా రిపోర్ట్‌లో ఏముందో రాయండి, వేలెత్తి ఏమన్నా చూపించాడా, చూపించి మీ మొహం వైపు తిరిగాడా లేదా అది రాయండి. తొమ్మిదో ప్రశ్నకి ఏం పెట్టారో కూడా రాయండి, దాన్ని మాత్రం నేను ఎక్కడా అచ్చు వెయ్యను.